ఇంట్లో బోర్డు గేమ్‌ల సాయంత్రం: మొదలుపెట్టడం ఎలా, నిలబెట్టుకోవడం ఎలా

"గేమ్ కొన్నాం, ఒక్కసారి ఆడాం, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఏం చేయాలి?" నాకు బోర్డు గేమ్‌ల పిచ్చి ఉందని తెలిసినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. ఆ తర్వాత వచ్చే ప్రశ్న, "మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు రాదు, పిల్లలకి తెలుగు చదవడం సరిగ్గా రాదు, అందరూ కలిసి ఆడేది ఏదైనా ఉందా?" ఈ రెండిటికీ కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చిన్నప్పుడు అరుగు మీద అష్టాచెమ్మా, పులిమేకలతో మొదలైన అలవాటు నాది. పెద్దయ్యాక జర్మనీ నుంచి వచ్చిన కొత్త తరం గేమ్‌ల దాకా సాగింది. ఇన్నేళ్ళుగా రకరకాల మనుషులతో ఆడాక నాకు బాగా నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది. ఒక గేమ్ ఆ ఇంట్లో నిలబడుతుందా లేదా అన్నది మొదటి అరగంటలో తేలిపోతుంది. ఆ అరగంటలో రూల్స్ చెప్పేవాళ్ళు తికమకపడితే, ఎంత గొప్ప గేమైనా అటకెక్కుతుంది. అందుకే ఏం కొనాలో తక్కువగా, ఎలా కూర్చోబెట్టాలో, ఎలా చెప్పాలో ఎక్కువగా రాశాను.

కావలసినవి

- ముగ్గురు లేదా నలుగురు మనుషులు. మొదటిసారికి ఆరుగురు దాటితే కష్టం.
- రెండు గంటల ఖాళీ సమయం. భోజనాల ముందు పెట్టుకుంటే అందరూ గడియారం చూస్తుంటారు. నాలుగు గంటల టీ తర్వాత మంచి సమయం.
- పెద్ద చాప, దాని మీద మందపాటి దుప్పటి. డైనింగ్ టేబుల్ ఉంటే దాని మీదే దుప్పటి పరవండి. పాచికలు జారిపోవు, కార్డులు గోటితో ఎత్తడం సులువవుతుంది.
- నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క.
- ఒక పాత నోట్‌బుక్, పెన్ను.
- పల్లీలు, వేయించిన శనగలు లాంటి పొడి తిండి. బజ్జీలు, పకోడీలు ఆట అయ్యాకే. నూనె వేళ్ళ మరక కార్డు వెనక పడిందంటే ఆ కార్డేమిటో ఇక అందరికీ తెలిసిపోతుంది. టీ గ్లాసులు పక్కన ఒక స్టూలు మీద ఉండాలి, బోర్డున్న చోట వద్దు.

ఫ్యాన్ గురించి కూడా ముందే ఆలోచించండి. మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాన్ కింద పేపర్ డబ్బులు, పల్చటి కార్డులు నిలవవు. స్పీడు తగ్గించలేని ఎండల్లో అట్టబిళ్ళలతో, చెక్కముక్కలతో ఆడే గేమ్ ఎంచుకోండి.

1. ఎవరొస్తారో చూసి గేమ్ తియ్యండి

చాలామంది గేమ్ కొని, ఆ తర్వాత మనుషుల్ని వెతుకుతారు. మీరు ముందు మనుషుల్ని చూడండి. నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాసుకోండి: ఎంతమంది, అందరిలోకీ చిన్న వయసెంత, బోర్డు మీద ఉన్న భాష చదవలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా. పెట్టె మీద "3-4" అని ఉంటే అది నిజంగా ముగ్గురికో నలుగురికో మాత్రమే. అయిదోవాళ్ళని సర్దుదామనుకోవద్దు. అయిదుగురు వస్తే అయిదుగురు ఆడే గేమ్ తియ్యండి, లేదా ఇద్దరిద్దరు ఒక జట్టుగా కూర్చోండి. పిల్లలకి ఇలా పెద్దవాళ్ళతో జట్టు కట్టడం బాగా నచ్చుతుంది.

డబ్బులు పందెం పెట్టకండి, పదిరూపాయలైనా సరే. పాచికలు చూడగానే జూదం అని అనుమానపడే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. డబ్బు లేదని తెలిస్తే వాళ్ళే ముందుకొచ్చి కూర్చుంటారు.

2. మొదటి వారం అష్టాచెమ్మా ఆడండి

కొత్త పెట్టె తెరవకముందే అందరినీ ఒకచోట కూర్చోబెట్టాలంటే ఇంతకంటే మంచి ఆట లేదు. తాతయ్యకి వచ్చు, అమ్మమ్మకి ఇంకా బాగా వచ్చు. నేర్పే స్థానంలో వాళ్ళుంటారు. ఆ తర్వాతి వారం మీరు కొత్త గేమ్ నేర్పిస్తానన్నప్పుడు వాళ్ళు వింటారు.

పటం గీయడం: నేల మీద సుద్దతో గానీ, పెద్ద అట్ట మీద స్కెచ్ పెన్నుతో గానీ 5 అడ్డం, 5 నిలువు, మొత్తం 25 గడులు గీయండి. నాలుగు పక్కలా మధ్య గడిలో, పటం నడిమధ్య గడిలో ఇంటూ గుర్తు పెట్టండి. పక్కనున్న నాలుగూ నలుగురి ఇళ్ళు. నడిమి గడి కాయ పండే చోటు. గడి ఒక్కోటి అరచేతి వెడల్పు ఉండాలి. చిన్నగా గీస్తే కాయలు ఒకదాని మీద ఒకటి పడి తగాదాలొస్తాయి.

కాయలు: ఒక్కొక్కరికి నాలుగు. గాజుముక్కలు, గుండీలు, చింతపిక్కలు, పుల్లముక్కలు, ఏవైనా సరే, ఒకరివి ఒకరితో కలవకుండా ఉంటే చాలు. మొదటిరోజు రెండేసి కాయలతోనే ఆడండి. నాలుగేసి కాయలతో ఆట చాలాసేపు సాగుతుంది, చిన్నపిల్లలు మధ్యలో లేచిపోతారు.

గవ్వల లెక్క: ఎన్ని గవ్వలు నోరు పైకి పడితే అంత. నాలుగూ పైకి పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఈ రెండిట్లో ఏది పడినా ఇంకోసారి వెయ్యాలి. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు గచ్చు మీద తెల్లగా వచ్చేదాకా అరగదీసి వాడుకోండి.

దారి: మీ ఇంటి నుంచి బయటి వరసలో గడియారం ముల్లుకి ఎదురు దిశలో నడవాలి. మీ ఇంటికి ఒక గడి ముందు లోపలి వరసలోకి తిరగాలి. అక్కడి నుంచి గడియారం ముల్లు దిశలో తిరిగి నడిమి గడికి చేరాలి. సరిగ్గా గీశారో లేదో తెలుసుకోవడానికి ఒక్క కాయని ఇంటి నుంచి నడిమి గడి దాకా ఒక్కో గడీ లెక్కపెడుతూ నడిపించండి. సరిగ్గా 24 అడుగులు పడాలి. 25 వచ్చిందంటే మీ ఇంటి గడిని కూడా లెక్కేశారు, లేదా లోపలికి తిరిగే చోట ఒక గడి దాటిపోయారు.

గవ్వల పరీక్ష: బజార్లో కొన్న గవ్వలన్నీ సమంగా పడవు. ఒక్కో గవ్వని దుప్పటి మీద 40 సార్లు వేసి, నోరు పైకి ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టండి. 12 కంటే తక్కువో, 28 కంటే ఎక్కువో వస్తే ఆ గవ్వ మార్చండి. గవ్వలు బాగుంటే సగటున 16 సార్లు వేసినప్పుడు ఒక అష్టా, ఒక చెమ్మా రావాలి. ఈ లెక్క పిల్లలతో చేయించండి, వాళ్ళకి ఆటకంటే ఇదే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. అష్టాచెమ్మా రూల్స్ ఊరికొకరకం, కొన్నిచోట్ల ఇంటికొకరకం. ఆట మధ్యలో "మా పుట్టింట్లో ఇలా కాదు" అని మొదలైతే సాయంత్రం అక్కడితో ఆగిపోతుంది. అందుకే గవ్వలు వెయ్యకముందే ఈ నాలుగూ తేల్చుకుని నోట్‌బుక్‌లో రాయండి:

- కనీసం ఒక కాయని చంపితేనే లోపలి వరసలోకి వెళ్ళాలా?
- కాయలన్నీ మొదటే ఇంట్లో పెట్టుకుని మొదలుపెట్టాలా, ఏదైనా పందెం పడితేనే దించాలా?
- వరసగా మూడుసార్లు అష్టాలో చెమ్మాలో పడితే అవన్నీ పోతాయా?
- ఒకే గడిలో ఒకరివే రెండు కాయలుంటే వాటిని చంపొచ్చా?

ఇంటూ గుర్తున్న గడిలో కాయని చంపకూడదు, చంపినవాళ్ళకి ఇంకోసారి వేసే అవకాశం వస్తుంది అన్న రెండిటి మీదా మాత్రం ఎక్కడా పెద్దగా గొడవ చూడలేదు.

3. రెండో వారానికి ఒక్క కొత్త గేమ్ తెచ్చుకోండి

ఒక్కటే. మూడు పెట్టెలు ముందు పెట్టి "ఏది ఆడదాం?" అని అడిగితే తేల్చుకోవడానికే గంట పడుతుంది. నేను కొత్తవాళ్ళ ముందు పెట్టేవి ఇవి.

టికెట్ టు రైడ్: నా మొదటి ఓటు దీనికే. అలన్ ఆర్. మూన్ రూపొందించిన ఈ గేమ్ 2004లో వచ్చింది, ఆ ఏడాదే జర్మనీలో ఇచ్చే 'స్పీల్ డెస్ యారెస్' బహుమతి కూడా అందుకుంది. ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ఆడొచ్చు. మ్యాపు మీద ఊళ్ళ మధ్య రైలు దారులు కట్టడమే ఆట. అసలు గేమ్‌లో మ్యాపు అమెరికాది. కొడుకో కూతురో అక్కడున్న పెద్దవాళ్ళకి డల్లాస్, అట్లాంటా, షికాగో, సియాటెల్ పేర్లు కొత్తేమీ కాదు కాబట్టి ఇంగ్లీషు అడ్డం రాదు. భారతదేశం మ్యాపు కూడా 2011లో విడిగా వచ్చింది. కానీ దాంతో ఆడాలంటే అసలు గేమ్‌లోని రైళ్ళు, కార్డులు ఉండాలి. అది ఒక్కటే కొనేసి ఇంటికొచ్చాక చూసుకోవద్దు.

కార్కసోన్: 2000లో వచ్చింది. 72 చదరపు అట్టబిళ్ళలు, ఒక్కోటి తీసి పక్కదానికి అతికేలా పెడుతూ ఊళ్ళు, దారులు కట్టుకుంటూ పోతారు. చదవాల్సింది ఒక్క అక్షరం కూడా లేదు. తాతయ్య, మనవరాలు సమంగా ఆడగలిగే గేమ్ ఇది. మొదటి రెండుసార్లు పొలంలో రైతుని (మీ చిన్న మనిషి బొమ్మని) పడుకోబెట్టే రూల్ వదిలెయ్యండి. కొత్తవాళ్ళకి తలనొప్పి తెచ్చేది అదొక్కటే.

కాటన్: క్లావుస్ టాయ్‌బర్ 1995లో తెచ్చిన ఈ గేమ్ పేరు అందరూ విన్నదే, అందుకే అందరూ ముందు ఇదే కొంటారు. మంచి గేమ్, నాకు చాలా ఇష్టం. కానీ ముగ్గురో నలుగురో కచ్చితంగా కావాలి, గంటన్నర పడుతుంది, బేరాలాడాలి. బేరం ఆడటం ఇష్టమున్న ఇళ్ళలో గోల గోలగా, అద్భుతంగా సాగుతుంది. ఒక జాగ్రత్త: మొదట ఇళ్ళు పెట్టుకునే చోటు తప్పితే ఆ మనిషి చివరిదాకా ఉత్తచేతులతో కూర్చోవాలి. బోర్డు మీద చోట్లకి అంకెలుంటాయి, పాచికల మొత్తం ఆ అంకె అయితేనే అక్కడ ఇల్లున్నవాళ్ళకి సరుకు వస్తుంది. రెండు పాచికలకి 36 రకాలుగా పడే వీలుంది. వాటిలో 6 అయిదు రకాలుగా, 8 అయిదు రకాలుగా పడతాయి. 2, 12 ఒక్కో రకంగానే పడతాయి. అంకె కింద చుక్కలు ఎక్కువున్న చోట పెట్టుకోమని కొత్తవాళ్ళకి ముందే చెప్పండి. ఇంకా మంచిది, రూల్స్ పుస్తకంలో కొత్తవాళ్ళ కోసమే ఇచ్చిన బొమ్మ ప్రకారం పెట్టేయండి.

ఇద్దరే ఉన్న ఇంటికి స్ప్లెండర్, అజుల్ రెండూ బాగుంటాయి.

బిజినెస్, మోనోపలీ ఇంట్లో ఉంటే వాటితోనే మొదలుపెట్టకూడదా అని అడుగుతారు. ఆడొచ్చు. కానీ దివాలా తీసినవాళ్ళు బయటికి వెళ్ళిపోయి, మిగతావాళ్ళు ఇంకో గంట ఆడుతూ కూర్చునే గేమ్ అది. ముందే ఓడినవాళ్ళు వచ్చేవారం రారు. ఆడాలనుకుంటే గంటంపావు అలారం పెట్టి, మోగగానే ఆస్తులు, డబ్బు లెక్కేసి గెలిచినవాళ్ళని ప్రకటించండి.

కొనేటప్పుడు: పేరున్న గేమ్‌లకి ఆన్‌లైన్‌లో నకిలీ కాపీలు తిరుగుతుంటాయి. అందరూ చెప్పే ధరలో సగానికే దొరుకుతోందంటే అనుమానించండి. పెట్టె చేతికొచ్చాక అచ్చు మసకగా ఉందా, అట్టబిళ్ళల అంచులు సరిగ్గా తెగాయా, కార్డుల వెనక రంగు అన్నిటికీ ఒకేలా ఉందా చూడండి. వెనక రంగులో తేడా ఉంటే ఆ గేమ్ ఆడటానికి పనికిరాదు, వెంటనే వాపసు పంపండి. హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో బోర్డు గేమ్ కెఫేలున్నాయి, కొనేముందు అక్కడ ఒకసారి ఆడి చూడొచ్చు. అమెరికాలో ఉంటే మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి. కొన్ని లైబ్రరీలు పుస్తకాల్లాగే గేమ్‌లు కూడా అరువిస్తాయి.

4. ముందురోజు ఒక్కరే కూర్చుని రెండు చేతులా ఆడండి

ఈ మెట్టు దాదాపు అందరూ ఎగ్గొడతారు. వీడియో చూశాం కదా, చాలు అనుకుంటారు. చాలదు. పెట్టె తెరిచి, అట్టబిళ్ళలు అన్నీ ఊడదీసి, ఇద్దరు ఆడుతున్నట్టు మీరే రెండు వైపులా కూర్చుని కనీసం ఆరేడు వంతులు ఆడండి. అప్పుడే అసలు సందేహాలు వస్తాయి: కార్డులు అయిపోతే ఏం చేయాలి, ఇద్దరికీ సమానంగా వస్తే ఎవరు గెలిచినట్టు, ఈ గుర్తుకి అర్థమేంటి. వాటి జవాబులు రూల్స్ పుస్తకంలో వెతికి, పేజీ నంబరు చీటీ మీద రాసి పెట్టెలో పెట్టండి.

సరి చూసుకోవడం: పుస్తకం మూసేసి, ఆట ఎలా మొదలవుతుంది, ఒక వంతులో ఏం చేస్తారు, ఎప్పుడు ముగుస్తుంది అన్నవి గట్టిగా పైకి చెప్పండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మళ్ళీ చదవండి. మనసులో అనుకుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. పైకి చెబితేనే తెలుస్తుంది.

5. రూల్స్ చెప్పడం

అసలు కష్టం ఇక్కడే. పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి వినిపించకండి. ఆ పుస్తకం వెతుక్కోవడానికి రాసింది, వినిపించడానికి కాదు. ఈ వరసలో చెప్పండి:

ముందు మనమెవరం. తర్వాత గెలవడమంటే ఏమిటి. తర్వాత ఒక వంతులో చేసేది. తర్వాత ఆట ముగిసేది ఎప్పుడు. అంతే. మిగతాదంతా ఆ సందర్భం వచ్చినప్పుడు.

టికెట్ టు రైడ్‌ని నేను ఇలా చెబుతాను:

"మనందరం రైలు దారులు వేసేవాళ్ళం. మీ చేతిలో ఉన్న టికెట్ మీద రెండు ఊళ్ళున్నాయి. ఆ రెండిటినీ మీ రంగు రైళ్ళతో కలిపితే దాని మీదున్న మార్కులు మీకొస్తాయి. కలపలేకపోతే అన్నే మార్కులు పోతాయి. వేసిన ప్రతి దారికీ కూడా మార్కులుంటాయి, దారి పొడుగైతే మార్కులెక్కువ. మీ వంతు వచ్చినప్పుడు మూడిట్లో ఏదో ఒకటి చెయ్యాలి. రంగు కార్డులు తీసుకోవడం, లేదా ఒకే రంగు కార్డులు వేసి ఒక దారి కట్టడం, లేదా కొత్త టికెట్లు తీసుకోవడం. ఎవరి దగ్గరైనా రెండో అంతకంటే తక్కువో రైళ్ళు మిగిలితే అందరికీ ఇంకొక్క వంతు, తర్వాత లెక్క."

చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇంజన్ కార్డు ఏ రంగుకైనా పనికొస్తుందని, పైకి కనిపించేలా ఉన్న ఇంజన్ తీసుకుంటే రెండో కార్డు రాదని, ఎవరైనా దాని మీద చెయ్యి వేసినప్పుడు చెప్పండి. మార్కుల లెక్క మాత్రం ముందే చెప్పాలి. ఆట చివర "దీనికి కూడా మార్కులున్నాయని చెప్పలేదే!" అన్న మాట వినిపించకూడదు. అన్నిటికన్నా పొడవైన వరస దారికి 10 మార్కులున్నాయని కూడా మొదట్లోనే చెప్పేయండి.

ఇంకొన్ని చిట్కాలు:

చెబుతూ చేతులతో చూపించండి. "కార్డు తీసుకోవడం" అన్నప్పుడు నిజంగా ఒక కార్డు తియ్యండి. మాటలు మర్చిపోతారు, చెయ్యి చేసింది గుర్తుంటుంది.

ఎవరికి ఇబ్బందో వాళ్ళకి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. అత్తగారికి బోర్డు తలకిందులుగా కనిపిస్తుంటే మీరు ఎంత బాగా చెప్పినా లాభం లేదు.

మొదటి రెండు వంతులు అందరూ కార్డులు తెరిచిపెట్టి ఆడండి. తర్వాత అవన్నీ వెనక్కి తీసేసి అసలు ఆట మొదలుపెట్టండి. పది నిమిషాలు పోయినట్టుంటుంది కానీ తర్వాత అరగంట మిగులుతుంది.

"అర్థమైందా?" అని అడగకండి. అందరూ తలూపుతారు. "పిన్నీ, ఇప్పుడు మీ వంతైతే ఏం చేస్తారు?" అని అడగండి. జవాబులో తెలిసిపోతుంది ఎక్కడ అర్థం కాలేదో.

6. ఆడుతున్నప్పుడు

మీకు గేమ్ బాగా వచ్చు కాబట్టి అందరికీ సలహాలివ్వాలనిపిస్తుంది. ఆపుకోండి. అడిగితేనే చెప్పండి, అప్పుడు కూడా "ఇలా చేస్తే ఇది అవుతుంది, అలా చేస్తే అది" అని రెండు దారులూ చూపించి వదిలెయ్యండి. పాండెమిక్ లాంటి అందరూ ఒకే జట్టుగా ఆడే గేమ్‌లో ఇది మరీ ముఖ్యం. తెలిసిన మనిషి ఒక్కరే నడిపిస్తుంటే మిగతా ముగ్గురూ కార్డులు పట్టుకుని కూర్చున్న ప్రేక్షకులవుతారు. అలాంటి గేమ్‌లో ఎవరి వంతైతే వాళ్ళే ముందు మాట్లాడాలి అని రూల్ పెట్టుకోండి.

ఆలోచిస్తూ ఉండిపోయేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. తొందరపెడితే వాళ్ళకి టెన్షన్ వచ్చి ఇంకా ఆలస్యమవుతుంది. వాళ్ళ ముందు వంతు మనిషి ఆడుతుండగానే "తర్వాత మీదే" అని నెమ్మదిగా చెప్పండి. సగం సమస్య తీరుతుంది.

తప్పు ఆడారని మూడు వంతుల తర్వాత తెలిస్తే వెనక్కి తిప్పకండి. ఆ తప్పు అందరికీ వర్తించేలా ఉంటే ఈ ఆట అయ్యేదాకా అలాగే కానిచ్చి, నోట్‌బుక్‌లో రాసి వచ్చేసారి సరిచెయ్యండి. ఒక్కరికే నష్టం జరిగితే వాళ్ళకి రెండు కార్డులో, ఒక వంతో ఇచ్చి ముందుకు సాగండి.

చిన్నపిల్లలు ఓడి ఏడిస్తే ఏంటని అడుగుతారు. కావాలని ఓడిపోకండి, వాళ్ళకి తెలిసిపోతుంది. బదులుగా ముందే అందరి ముందూ చెప్పి కొంచెం ఎక్కువ ఇవ్వండి: అష్టాచెమ్మాలో పెద్దవాళ్ళకి మూడు కాయలు పండాలి, పిల్లలకి రెండు పండితే చాలు, ఇలాగ. వాళ్ళు గెలుస్తున్న కొద్దీ ఈ వెసులుబాటు తగ్గించుకుంటూ రండి.

7. ఇంగ్లీషు అడ్డమైతే: తెలుగు మాటల ఆట ఇంట్లోనే చేసుకోండి

వ్లాదా హ్వాతిల్ 2015లో తెచ్చిన కోడ్‌నేమ్స్ రెండు జట్ల మాటల ఆట. పెట్టెలో ఉన్నవన్నీ ఇంగ్లీషు మాటలు కాబట్టి మన పెద్దవాళ్ళకి పనికిరాదు. కానీ ఇదే ఆటని తెలుగు మాటలతో ఇంట్లో చేసుకుంటే, నేనాడిన ఏ గేమ్‌కీ రానంత సందడి వస్తుంది. నలుగురికి తక్కువైతే కుదరదు, పదిమందైనా ఫరవాలేదు.

పాత శుభలేఖల్ని అగ్గిపెట్టె సైజు ముక్కలుగా కత్తిరించండి, అట్ట సరిగ్గా సరిపోతుంది. ఒక్కో ముక్క మీద ఒక్కో మాట, కనీసం 100 రాయండి. రెండు మూడు అర్థాలున్న మాటలైతే ఆట రక్తి కడుతుంది: గంట, తీగ, చుక్క, వేలు, పట్టు, పాలు, కారు, పొడి, గుండు, రాయి. మిగతావి మామూలు వస్తువులు, జంతువులు, చోట్లు. తెలుగు చదవలేని పిల్లలుంటే మాట పక్కన చిన్న బొమ్మ గీయించండి, లేదా పక్కన కూర్చున్నవాళ్ళు చదివి వినిపించండి.

తర్వాత నోట్‌బుక్ కాగితాల మీద 25 గడుల పటాలు ఓ పది గీయండి. ఒక్కోదాంట్లో ఇష్టమొచ్చిన చోట్ల 9 గడులకి ఎరుపు, 8 గడులకి నీలం, ఒక్కదానికి నలుపు వెయ్యండి, 7 ఖాళీగా వదిలెయ్యండి. కూడితే 25 రావాలి. ఇది తాళం పటం, పరిచిన మాటల్లో ఏది ఏ జట్టుదో ఇదే చెబుతుంది. మాటలు పరవకముందే ఈ పటాలు సిద్ధంగా ఉండాలి. ఒకే పటాన్ని నాలుగు దిక్కులా తిప్పి వాడుకోవచ్చు.

ఆడటం: 25 మాటలు అయిదేసి వరసల్లో పరవండి. ఒక్కో జట్టుకి ఒక నాయకుడు. నాయకులిద్దరే తాళం పటం చూస్తారు. 9 ఉన్న జట్టు ముందు ఆడుతుంది. నాయకుడు ఒక మాట, ఒక అంకె చెప్పాలి. "పెళ్ళి, 3" అన్నారనుకోండి, జట్టువాళ్ళు బల్ల మీద వెతికి పట్టు, అరటి, పందిరి చూపిస్తారు. తమ రంగు పడుతున్నంతసేపు చెప్పిన అంకెకి ఒకటి ఎక్కువ దాకా చూపించొచ్చు. ఎదుటి జట్టు మాటో, ఖాళీదో తగిలితే వంతు పోతుంది. నల్ల గడి మాట తగిలితే అక్కడికక్కడే ఓటమి. కాబట్టి నలుపు కింద "ఉంగరం" ఉంటే నాయకుడు "పెళ్ళి" అనకూడదు. క్లూ చెప్పేముందు నల్ల మాట వైపు ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

తెలుగులో ఆడేటప్పుడు రెండు విషయాలు ముందే తేల్చాలి. మొదటిది, మనం రెండు మాటల్ని ఇట్టే కలిపేస్తాం. "పెళ్ళికూతురు" ఒక మాటా, రెండా? నిఘంటువులో ఒకే మాటగా ఉంటే సరే అనుకోండి. రెండోది, బల్ల మీద "చెట్టు" ఉంటే "చెట్లు" క్లూగా చెల్లదు, "చెట్టుకింద" కూడా చెల్లదు. నాయకులు మాట చెప్పాక ముఖం తిప్పుకుని కూర్చుంటే మంచిది. మన కనుబొమలు చాలా చెప్పేస్తాయి.

అమెరికా వెళ్ళి ఆరునెలలు మనవల దగ్గర ఉండే తాతయ్యలకి, అమ్మమ్మలకి నేను ప్రత్యేకంగా చెప్పేది ఈ ఆట గురించే. సూట్‌కేసులో బరువుండదు, అక్కడే చేసుకోవచ్చు, పిల్లలకి తెలుగు మాటలు అడక్కుండానే వస్తాయి.

8. ఇంకా ఆడాలని ఉన్నప్పుడే ఆపండి

"ఇంకొక్కటి!" అన్నప్పుడు ఆపితే వచ్చేవారం వస్తారు. అలిసిపోయి ఆపితే రారు. చెప్పిన టైము దాటాక కొత్త ఆట మొదలుపెట్టకండి. ముక్కలన్నీ లెక్కపెట్టి సంచుల్లో వెయ్యడం పిల్లలకి అప్పగించండి. పెట్టె మూత లోపల లెక్క రాసి ఉంచితే (టికెట్ టు రైడ్‌లో రంగుకి 45 రైళ్ళు, ఇలాగ) పోయినవి ఆరోజే సోఫా కింద దొరుకుతాయి.

కోస్తా ఊళ్ళలో వానాకాలం అట్టబిళ్ళలు వంకర పోతాయి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టెలో వెయ్యండి, నేల మీద కాకుండా బీరువాలో పెట్టండి. వంగిన బిళ్ళల్ని బరువైన పుస్తకాల కింద నాలుగైదు రోజులు ఉంచితే చాలావరకు సరవుతాయి. ఎండలో మాత్రం పెట్టకండి, ఇంకా వంగుతాయి, రంగు కూడా పోతుంది.

సరిగ్గా సాగుతోందా: ఎలా తెలుస్తుంది?

"బాగుందా?" అంటే అందరూ బాగుందనే అంటారు. "ఎక్కడ విసుగొచ్చింది?" అని అడగండి. "రూల్స్ చెప్పినప్పుడు" అంటే అయిదో మెట్టు మళ్ళీ చూడండి. "నా వంతు ఎంతకీ రాలేదు" అంటే మనుషులు ఎక్కువయ్యారు. "చివర్లో" అంటే ఆ గేమ్ మీ ఇంటికి పొడవు ఎక్కువైంది.

ఆడుతున్నప్పుడు గమనించాల్సిందీ ఒకటుంది. తమ వంతు కాని సమయంలో జనం బోర్డు వైపు చూస్తున్నారా, ఫోన్ వైపా? ఒకరు ఫోన్ చూస్తే అది వాళ్ళ అలవాటు. ముగ్గురు చూస్తున్నారంటే గేమ్ తప్పు. మొహమాటపడకుండా ఆపేసి అష్టాచెమ్మా తియ్యండి.

నోట్‌బుక్‌లో ప్రతిసారీ ఒక వరస రాయండి: గేమ్ పేరు, ఎవరెవరు, మొదలైన టైము, ముగిసిన టైము, ఒక్క ముక్కలో అభిప్రాయం. పెట్టె మీద రాసిన టైముకి మీ ఇంట్లో పట్టే టైముకి ఎంత తేడా ఉందో నాలుగైదు వారాల్లో తెలిసిపోతుంది. అప్పటినుంచి మీ అంకెనే నమ్మండి.

రెండు నెలలయ్యాక ఆ పేజీలు తిరగెయ్యండి. ఎవరైనా తమంతట తాము అడిగి ఆడించిన గేమ్ ఉంటే, దానికి అదనపు మ్యాపులో, అదనపు ముక్కలో కొనడం గురించి ఆలోచించొచ్చు. రెండుసార్లు తీసినా ఎవరూ మళ్ళీ అడగని గేమ్‌ని తెలిసినవాళ్ళతో మార్చుకోండి.